లకుముకి నడక

బంతి అని పిలిస్తే కొత్తవాళ్ళు పువ్వు పేరనుకునేవారు. పువ్వుకీ ఆమెకీ ఏ సంబంధమూ లేదు. నేలకేసి కొడితే పైకి లేచే బంతి అది. పదకొండో ఏట రెండో అంతస్తు పరంజా మీంచి కాలు జారి ఇసుక కుప్పలో పడింది. ఏడుస్తుందేమో అని అందరూ పరుగెత్తుకొచ్చేసరికి, ఒంటికంటిన ఇసుక దులుపుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కుతోంది. కింద నిలబడ్డ మేస్త్రీ ముక్కున వేలేసుకుని, "ఇది పిల్ల కాదయ్యా, బంతి" అన్నాడు. ఆ పూట నుంచి అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది.

నాన్న కట్టడాలకు రంగులు వేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. అన్నయ్యకు చదువు అబ్బింది కాబట్టి వాడు బడికి వెళ్ళేవాడు; బంతికి అబ్బలేదు కాబట్టి నాన్న వెంట వెళ్ళేది. ఎడమచేత్తో రంగు డబ్బా మోస్తూ, కుడిచేత్తో కర్రలు పట్టుకుని ఎక్కేది. ఏళ్ళ తరబడి అలా మోసి మోసి ఎడమ భుజం రవ్వంత కిందికి దిగిపోయింది. నడుస్తుంటే, కనపడని డబ్బా ఏదో ఇంకా చేతిలో ఉన్నట్టుండేది.

పందొమ్మిదో ఏట ఆమెను ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చింది. ఒక టీవీ స్టూడియోకి సున్నం, రంగులు వేసే పని నాన్నకు దొరికింది. ఇరవై అడుగుల ఎత్తున, జానెడు వెడల్పు పలక మీద, ఇంటి వసారాలో తిరిగినట్టు తిరుగుతున్న పిల్లను ఫైట్ మాస్టర్ చూశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ నాన్న దగ్గరికొచ్చి కూర్చుని, మీ అమ్మాయి దూకుతుందా అని అడిగాడు. దూకకుండా ఉంచడమే నా వల్ల కావడం లేదన్నాడు నాన్న.

ఆ స్టూడియోలో అప్పుడే 'లకుముకి వీరుడు' అనే కార్యక్రమం మొదలైంది. వారానికో భాగం. నీలం ముసుగు, నారింజ రంగు ఛాతీ, పొడుగాటి ముక్కు ఉన్న వీరుడొకడు మేడల మీద కాచుకుని కూర్చుంటాడు. కింద ఎవరైనా అన్యాయం చేస్తే, లకుముకి పిట్ట చేప మీద పడ్డట్టు తలకిందులుగా దూకి వాళ్ళ పని పడతాడు. కథ అంతే. వచ్చిన చిక్కల్లా హీరోకి ఎత్తంటే భయం. కుర్చీ ఎక్కి బల్బు మార్చమన్నా కళ్ళు తిరిగే మనిషి. డూపులుగా తెచ్చిన మగవాళ్ళేమో కండలు తిరిగినవాళ్ళు, హీరోగారేమో వెదురు పుల్ల. ముసుగు తొడిగి, భుజాల దగ్గర దూది కుక్కితే బంతి అచ్చం ఆయనలా ఉండేది. దూకుడు, పరుగు, గోడలెక్కడం, పైపులు పట్టుకుని వేలాడటం అన్నీ ఆమెవి. ముసుగు తీసి నవ్వడం హీరోగారిది.

చేరిన రోజే ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. దూకేది తానని ఎవరికీ చెప్పకూడదు. పిల్లలు హీరోనే నమ్మాలి. బంతికి అది పెద్ద విషయంగా అనిపించలేదు. నాన్నకు తెలుసు, అది చాలు. అన్నయ్య పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయాడు. స్టూడియోలో బట్టల విభాగంలో పని అని అతనికి చెప్పింది. సెలవులకు వాళ్ళింటికి వెళితే, అన్నయ్య పిల్లలిద్దరూ మెడకు నీలం తువ్వాళ్ళు కట్టుకుని మంచం మీంచి దూకేవారు. "అత్తా, నీకు లకుముకి తెలుసా? ఎప్పుడైనా చూశావా?" అని అడిగేవారు. దూరం నుంచి చూశానని చెప్పేది. వదిన పిల్లల్ని కేకలేస్తుంటే మోకాళ్ళు కొంచెం వంచి దూకితే దెబ్బ తగలదని మాత్రం చెవిలో చెప్పేది.

మూడో ఏడు ఆ కార్యక్రమాన్ని వీడియో గేముగా చేస్తామని ఒక కంపెనీ వచ్చింది. టీవీకి తగిలించే పెట్టె, అందులో దూర్చే క్యాసెట్టు, చేతిలో పట్టుకునే రెండు బొత్తాల రిమోటు. అవి అప్పుడప్పుడే ఇళ్ళల్లోకి వస్తున్న రోజులు. బొమ్మ గీయడానికి హీరోగారి నడక వీడియో తీస్తామన్నారు. తెల్లదుప్పటి కట్టిన గోడ ముందు ఆయన్ను నడిపించారు. ఆయన పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచాడు. కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకతను, దళసరి కళ్ళద్దాలతను, కెమెరాలోంచి తల ఎత్తి ఇది కాదన్నాడు. టీవీలో కనపడే నడక ఇది కాదు, నేను టేపులు పదేసి సార్లు చూశాను అన్నాడు. సరిగ్గా అప్పుడే బంతి మంచినీళ్ళ కోసం గది ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చింది. కళ్ళద్దాలతను వేలు పెట్టి చూపించి, అదిగో అన్నాడు.

నాలుగు రోజులు తీశారు. బంతి నల్లటి బిగుతు బట్టలేసుకుని తెల్లదుప్పటి ముందు నడిచింది, పరుగెత్తింది, కూర్చుంది, గెంతింది, నిచ్చెన ఎక్కింది, ఉట్టినే వందసార్లు కింద పడింది. "ఇంకోసారండీ" అనేవాడు కళ్ళద్దాలతను. మహా మొహమాటస్థుడు. ఆమె పడ్డప్పుడల్లా అతనే ఉలిక్కిపడేవాడు. ఒక్కో కదలికనూ ముక్కలు ముక్కలుగా ఆపి, గళ్ళ కాగితం మీద గీస్తానని, ఒక్కో గడి ఒక్కో చుక్క అవుతుందని, మొత్తం మనిషి ముప్ఫై రెండు గళ్ళ ఎత్తేనని చెప్పాడు. మరి ముఖమో అని అడిగింది బంతి. ముఖానికి నాలుగు గళ్ళని చెప్పాడు. పోనీలే, హీరోగారి ముఖమేగా అని ఇద్దరూ నవ్వుకున్నారు.

చివరి రోజు వైర్లు చుట్టుకుంటూ, గేము తయారయ్యాక పిలుస్తాను, వచ్చి చూడాలి అన్నాడు. సరేనంది. ఇంకేదో చెప్పబోయినట్టు నిలబడి, చుట్టిన వైరు విప్పి మళ్ళీ చుట్టాడు. ఫైట్ మాస్టర్ పిలిస్తే బంతి వెళ్ళిపోయింది.

ఆరు వారాల తర్వాత, పాత ఫ్యాక్టరీ మూడో అంతస్తు కిటికీలోంచి దూకే షాటు. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, మీద పరుపులు పరిచారు. తెల్లవారుజామున కురిసిన వానకు అడుగు వరుస పెట్టెలు నానిపోయాయి. పైనుంచి చూస్తే తెలియదు. బంతి పడింది, ఈసారి లేవలేదు. తుంటి ఎముక రెండు చోట్ల విరిగింది.

నాలుగు నెలలు మంచం. హీరోగారు బుట్టెడు పళ్ళతో వచ్చి కాసేపు కూర్చున్నాడు. ఫైట్ మాస్టర్ నాలుగైదు సార్లు వచ్చి, ప్రతిసారీ తనే ఏడ్చి వెళ్ళాడు. ఆమె కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి కార్యక్రమమే ఆగిపోయింది. స్టూడియో ఖాళీ అయింది. గేము సంగతి ఎవరూ చెప్పలేదు, ఎవరూ పిలవలేదు. అది మధ్యలోనే అటకెక్కి ఉంటుందనుకుంది.

తర్వాతి ముప్ఫై ఎనిమిదేళ్ళలో చెప్పుకోదగ్గవి రెండే జరిగాయి. నాన్న పోయాడు. ఆమెకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళి మాట రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, కాలు చూసి వెనక్కి వెళ్ళింది. మూడోసారి రానివ్వలేదామె. చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తులో ఒక గది, ఒక కిటికీ, వంటకు ఒక మూల. ఆదివారాలు అన్నయ్య ఫోన్ చేస్తాడు. ఎలా ఉన్నావంటే బాగున్నానంటుంది. ఆ మాట రెండు చివర్ల నుంచీ అరిగిపోయింది.

ఉద్యోగం ఆసుపత్రి బట్టల గదిలో. నేలమాళిగలో ఉంటుందది. ఉతికిన దుప్పట్లు ఒక చివర తడితడిగా లోపలికి వెళ్ళి, వేడి రోలర్ల మధ్య నలిగి, రెండో చివర అప్పడాల్లా బయటికొస్తాయి. ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, కలిసి, మడిచి, విడిపోవాలి. ఆ పనిలో ఆమెకు జోడీగా ఏళ్ళ తరబడి ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన రిటైరయ్యాక మడతపెట్టే యంత్రం వచ్చింది. యంత్రం బాగానే మడుస్తుంది. కానీ రోజుకు మూడు వందల సార్లు ఎదురుగా ఒక మనిషి నడిచి వచ్చేవాడు, ఇప్పుడు రావడం లేదు. ఆ లోటు ఎవరికి చెప్పుకున్నా నవ్విపోతారని తనలోనే దాచుకుంది. మడతలు అయ్యాక ట్రాలీ నింపుకుని వార్డుల్లో అల్మారాలు సర్దడం మధ్యాహ్నం పని. రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఎముకల వార్డుకు దుప్పట్లు తీసుకెళుతుంటే, రోగులు కూర్చునే హాల్లోంచి టింగుటింగుమని పాట వినిపించింది. తుప్పుపట్టిన తలుపు సందులోంచి వచ్చినట్టున్నా, రాగం మాత్రం లకుముకి వీరుడిదే. ట్రాలీ వదిలేసి గుమ్మంలో నిలబడింది.

నలభై అయిదేళ్ళ బస్సు డ్రైవరొకడు పిండికట్టు కట్టిన కాలు కుర్చీ మీద చాపి, రిమోటు పట్టుకుని టీవీకి అతుక్కుపోయి ఉన్నాడు. వారాల తరబడి మంచం పట్టి విసిగి, మందులతో పాటు మనుషుల్ని కూడా మింగేసేలా ఉన్నాడని, అతని భార్య ఇంట్లో అటక మీది పాత గేము పెట్టె దులిపి తెచ్చిచ్చింది. తెర మీద ఇటుక గోడలు, నీలం ఆకాశం. గోడ మీద వేలెడంత నీలం బొమ్మ నడుస్తోంది.

దాని ఎడమ భుజం రవ్వంత కిందికి దిగి ఉంది.

బొమ్మ గెంతింది, గెంతేముందు ఎడమపాదం వెనక్కి జరిపి నేల చూసుకుంది. నిచ్చెన ఎక్కింది, మూడో మెట్టు దగ్గర చేయి మార్చింది. తుంటి విరగని, నొప్పంటే తెలియని తన ఇరవై రెండేళ్ళ ఒళ్ళు అక్కడ అలుపు లేకుండా తిరుగుతోంది. తనకు ఫొటోలు కూడా పెద్దగా లేవు. ఉన్నవన్నీ ముసుగులోనే.

డ్రైవరు ఫోన్ మోగింది. రిమోటు ఒళ్ళో పడేసి భార్యతో మాట్లాడుతున్నాడు. తెర మీద వీరుడు కదలకుండా నిలబడ్డాడు. పది లెక్కపెట్టేంత సేపయ్యాక రెండు చేతులూ పైకెత్తి, మెడ వెనక్కి తీసుకెళ్ళి, ఏదో పట్టుకున్నట్టు పట్టుకుని, గిర్రున తిప్పి, బిగించి, అరచేత్తో ఒకసారి తట్టుకున్నాడు. చేతులు దించాడు. ఇంకో పది లెక్కపెట్టాక మళ్ళీ అదే.

బంతి అక్కడే ఉన్న కుర్చీలో కూలబడింది.

ఫోన్ పెట్టేసి డ్రైవరు ఆమెను చూశాడు. ఒంట్లో బాగోలేదా అమ్మా, నర్సును పిలవనా అన్నాడు. అక్కర్లేదని చేయి ఊపి, ఆ బొమ్మ ఏం చేస్తోందని అడిగింది. అతనికి హుషారొచ్చింది. అదే ఎవరికీ తెలియదన్నాడు. చిన్నప్పుడు బళ్ళో దీని మీద కొట్టుకునేవాళ్ళం. ముసుగు ముడి సరిచేసుకుంటున్నాడని కొందరు, పైనున్న లకుముకి పిట్టలకు సైగ చేస్తున్నాడని కొందరు. ఆ సైగ ఏడుసార్లు పూర్తయ్యేదాకా ముట్టుకోకుండా ఉంటే రహస్య ద్వారం తెరుచుకుంటుందని ఒకడు చెబితే పొద్దున్నంతా కూర్చున్నాను, ఏ ద్వారమూ తెరుచుకోలేదు అన్నాడు. ఈ గేమంటే పడి చచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట, ఇంటర్నెట్లో దీని గురించి పేజీలకు పేజీలు రాసుకుంటారట.

"జుట్టు ముడేసుకుంటోంది" అంది బంతి.

డ్రైవరు నవ్వాడు. "ముసుగులో వాడికి జుట్టెక్కడిదమ్మా?"

"వాడికి లేదు బాబూ. నాకుండేది."

నవ్వు సగంలో ఆగింది. ఆమె ముఖంలోకి చూశాడు. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించి ఉంది. దానివంక చూసి, తెరవంక చూశాడు. ఎలాగో ఒకసారి చేసి చూపించమన్నాడు. కుర్చీలోంచి లేచి, గోడవైపు పక్కకు తిరిగి, బంతి చేతులెత్తింది. లేని జుట్టును పోగుచేసి, తిప్పి, బిగించి, తట్టింది. తెర మీది బొమ్మ కూడా అప్పుడే మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకేసారి చేతులు దించారు. డ్రైవరు రిమోటు ఆమె చేతికిచ్చాడు.

ఆమె మొదటి గోడ దాటకముందే మూడుసార్లు చచ్చింది. తన కాళ్ళను తానే నడపలేకపోయింది.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం పదిహేను నిమిషాల టీ వేళ ఆమె ఆ హాల్లోనే గడిపేది. డ్రైవరు ఆడేవాడు; ఆమె చూస్తూ కబుర్లు చెప్పేది. ఫలానా గెంతు తీసిన రోజు మడమ బెణికింది. ఈ పడిపోవడం నిజంగానే పడటం, నటన కాదు. ఇలా వేలాడటానికి తలుపు చట్రం దొరక్క బట్టలారేసే కర్ర కట్టారు. ఇన్నేళ్ళూ నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్న మనిషి, పదిహేను నిమిషాల్లో అంత మాట్లాడుతుందని ఆమెకే తెలియదు. డ్రైవరు ఒక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు రోజంతా ఆ గేము ఆడి ఆడి, తను కూడా ఎడమ భుజం వంచి నడిచేవాడట. వాళ్ళమ్మ ఎముకేమైనా వంకరగా ఉందేమోనని డాక్టరుకు చూపించింది. తమ వీధిలో మగపిల్లలంతా అలాగే నడిచేవాళ్ళమని, ఎందుకో ఇప్పటిదాకా ఆలోచించలేదని అన్నాడు. ఆ సాయంత్రం బంతి ఇంటికి వెళుతూ, ఎదురొస్తున్న నడివయసు మగవాళ్ళందరి భుజాలూ చూస్తూ వెళ్ళింది.

ఆ పేజీల్లో రాసుకునేవాళ్ళకు ఈ సంగతి రాస్తానని డ్రైవరు పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకోలేదు.

"చెప్పొద్దన్నారు బాబూ. సంతకం పెట్టాను."

"ఎవరన్నారమ్మా?"

"స్టూడియోవాళ్ళు."

"ఆ స్టూడియో మూతబడి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇంకా ఎవరికి భయపడతారు?"

భయం కాదు. తనను ఎవరూ ఆ మాట నుంచి విడిపించలేదు, అంతే. ఆ ముక్క వివరంగా చెప్పడం ఆమెకు చేతకాలేదు. చివరికి ఒక్కదానికి తలూపింది. ఆ గేము గీసిన కళ్ళద్దాలాయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో, అది మాత్రం కనుక్కోమంది.

వారంలో జవాబొచ్చింది. ఉన్నాడు. బస్సులో మూడు గంటల దూరంలో చిన్న ఊళ్ళో, చెల్లెలితో కలిసి ఉంటున్నాడు. డ్రైవరు చిరునామా కాగితం మీద రాసిచ్చాడు. మరో నాలుగు రోజులకు అతని కట్టు విప్పారు. గేము పెట్టె సంచిలో సర్దుకుంటూ, వస్తూ ఉంటానమ్మా అన్నాడు. ఒకసారి భార్యను తీసుకుని నేలమాళిగ దాకా వచ్చాడు కూడా. తర్వాత అతనికి డ్యూటీ మొదలైంది, రూటు ఊరికి అటు చివర. మనిషి మంచివాడు, తీరిక లేనివాడు. హాల్లో టీవీలో మళ్ళీ వంటల కార్యక్రమాలు వస్తున్నాయి. బంతి కిందే టీ తాగడం మొదలుపెట్టింది.

చిరునామా రెండు నెలలు పర్సులోనే ఉంది. వెళ్ళి ఏమని చెప్పాలో తోచేది కాదు. ఒక సెలవు రోజు పొద్దున్నే లేచి, బట్టలుతికి, గది తుడిచి, ఇంకా ఏడున్నర కూడా కాలేదని చూసుకుని, బస్టాండుకు బయల్దేరింది.

తలుపు చెల్లెలు తీసింది. అరవై ఏళ్ళ మనిషి, చేతికి పిండి అంటుకుని ఉంది. స్టూడియో నుంచి అనగానే లోపలికి రమ్మంది. కిటికీ పక్క కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. కళ్ళద్దాలు ఇంకా దళసరి అయ్యాయి. వాటితో ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదని చెల్లెలు మెల్లగా చెవిన వేసింది. బంతి గుమ్మం దగ్గర్నుంచి కుర్చీదాకా నడిచింది. ఎవరో తెలియనివాళ్ళను చూసినట్టే చూశాడాయన.

"నేను బంతినండీ. లకుముకి వీరుడు..."

ఆయన లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని ఆగిపోయాడు. కాసేపటికి, "కాలు లాగుతోంది" అన్నాడు. "ఇప్పుడు నడిచొచ్చింది మీరేనా? ఆ చప్పుడులో కాలు లాగుతోంది."

పడ్డ సంగతి చెప్పింది. ఆయనకు తెలియదు. గేము పూర్తయ్యాక స్టూడియోకి ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, ఇక ఫోన్ చేయకండి అన్నారట. ఎవరన్నారో గుర్తులేదు. ఎవరో గుమాస్తా, వదిలించుకోవడానికి నోటికొచ్చింది అని ఉంటాడు. ఆయన నమ్మాడు. ఆ మాటను ఎటు తిప్పి చూసినా ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు.

జుట్టుముడి గురించి అడిగింది. ఎందుకు పెట్టారని.

ఆయన ఒళ్ళో చేతులు తడుముకుంటూ చెప్పాడు. గేము చివర పనిచేసినవాళ్ళ పేర్లొచ్చే చోట 'నడక: బంతి' అని ఒక వరుస పెట్టాడు. స్టూడియోవాళ్ళు చూసి కుదరదన్నారు. హీరో పేరు తప్ప ఇంకో పేరుంటే మొత్తం గేమే ఆపేస్తామన్నారు. తీసేశాడు. క్యాసెట్టులో రవ్వంత చోటు మిగిలింది. ఒక శత్రువును కూడా తీసేసి ఇంకొంచెం చోటు చేశాడు. కెమెరా ఆపడం మరిచిపోయినప్పుడు పడ్డ ముక్కలు, ఆమె జుట్టు ముడేసుకునేవి, టేపులో ఉన్నాయి; వాటిని ఆ చోట్లో పెట్టాడు.

"పేరు తీసేయమన్నారు, తీసేశాను" అన్నాడు. "జుట్టుముడి కూడా పేరేనని వాళ్ళకు తెలియదుగా."

బంతి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురింటి గోడకు ఎవరో సగం రంగు వేసి ఆపేశారు. ఆ సగం గీత మీదే కళ్ళు నిలిపింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా, ఎక్కడెక్కడో, ఎవరెవరి ఇళ్ళల్లోనో, పిల్లలు భోజనానికి లేచి వెళ్ళినప్పుడల్లా తన పేరు వస్తూ పోతూ ఉందన్నమాట. ఒక్కరూ చదవలేదు.

వంటింట్లోంచి చెల్లెలు, ఆ గేము గీసిన మూడు నెలలూ అన్నయ్య సరిగ్గా అన్నం కూడా తినలేదంది. ఎప్పుడు చూసినా గళ్ళ కాగితాలే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయా అని బంతి అడిగితే, చెల్లెలు కొంచెం సిగ్గుపడుతూ వంటింట్లోకి పిలిచింది. అల్మారా అరల్లో పప్పుల డబ్బాల కింద పరిచినవి అవే. దళసరి కాగితం, బాగా ఆగుతుందని పరిచిందట. డబ్బాలు పక్కకు జరిపి చూపించింది. నూనె మరకల మధ్య, పెన్సిలుతో నింపిన గళ్ళల్లో, ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టి బంతి నడుస్తోంది. కావాలంటే తీసుకెళ్ళమంది చెల్లెలు. వద్దులెండి, పనికొస్తున్నాయి కదా, ఉండనివ్వండి అని తనే డబ్బాలు తిరిగి సర్దింది.

భోజనం పెట్టారు. నాలుగు రోజుల పరిచయం. దాని గురించి ఉన్న నాలుగు మాటలూ అయిపోయాయి. మిగతా జీవితం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని ఒక పూటలో ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు. కాలు నొప్పి చలికాలంలో ఎక్కువవుతుందా అని ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కొత్తగా చెప్పినట్టే చెప్పింది. మధ్యాహ్నం రెండు దాటాక ఆయన తల వాలిపోవడం మొదలైంది. ఆ వేళకు పడుకోవడం అలవాటట. బంతి లేచింది. ఆయన చేయి చాపితే పట్టుకుంది. చేయి మెత్తగా, తేలికగా ఉంది, ఇస్త్రీ అయిన దిండు గలీబులా. మళ్ళీ రండి అన్నాడు. వస్తానంది. వస్తుందో లేదో ఆమెకే తెలియదు.

తిరుగు బస్సులో ఖాళీగా ఒకటే సీటుంది. పక్కన పాతికేళ్ళ అమ్మాయి, ఏదో దుకాణం యూనిఫాంలో, కాళ్ళ దగ్గర పెద్ద సంచితో కూర్చుని ఉంది. బంతి కూర్చోలేక కూర్చుంటుంటే సంచి పక్కకు లాగి, కాలికేమైందని అడిగింది. ఎప్పుడో పడ్డానంది బంతి. ఎలా పడ్డారని మళ్ళీ అడిగింది అమ్మాయి.

మెట్ల మీంచి పడ్డానని ఎప్పుడూ చెప్పే అబద్ధం నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"టీవీలో దూకేదాన్నమ్మా. లకుముకి వీరుడని ఒక కార్యక్రమం వచ్చేది. అందులో వీరుణ్ణి నేనే."

చెప్పి, బస్సు చుట్టూ చూసింది. ఎవరూ తల తిప్పలేదు. కండక్టరు చిల్లర లెక్క పెట్టుకుంటున్నాడు. అమ్మాయి ఆ పేరెప్పుడూ వినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అవునా ఆంటీ" అంది మర్యాదగా. "భయమేసేది కాదా?"

"దూకేముందు వేసేది. గాల్లో ఉన్నప్పుడు ఉండేది కాదు."

అమ్మాయి నిజంగానే ఆలోచిస్తున్నట్టు తలూపింది. పొద్దుట్నుంచీ నిలబడే పని చేసొచ్చిందేమో, రెండు మలుపులు తిరిగేసరికి నిద్రలోకి జారి, తల బంతి భుజం మీద పడింది. బంతి కదల్లేదు. ఎండ బస్సు ఈ పక్క నుంచి ఆ పక్కకు మారింది. ఊరు వచ్చింది, చెప్పుల దుకాణం వీధి వచ్చింది. దిగాలంటే ఈ తల ఎత్తి పక్కన పెట్టాలి. స్టాపు దాటిపోయింది. ఆ తర్వాతి స్టాపులో బస్సు గట్టిగా ఆగితే అమ్మాయే ఉలిక్కిపడి లేచి, అయ్యో ఆంటీ, లేపకపోయారా అంది. ఫర్వాలేదమ్మా అని చెప్పి, బంతి కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది.